సాంగోలా నుంచి 11 సార్లు: రికార్డు సంగతి, గెలుపు సంగతి

అడిగిన ప్రశ్న ఇదీ: "మహారాష్ట్రలో సాంగోలా నుంచి గణపతరావు దేశ్‌ముఖ్ 11 సార్లు ఎమ్మెల్యేగా గెలిచారట. దేశంలో ఇదే రికార్డని చాలాచోట్ల చదివాను. నిజమేనా? పెద్ద పార్టీ కాదు, డబ్బున్న మనిషీ కాదు, ఎర్రబస్సులో తిరిగేవాడట. మరి ఎలా గెలిచారు? మన తెలుగు రాష్ట్రాల్లో అలాంటివాళ్లు ఉన్నారా? ఒక వ్యాసం కోసం అడుగుతున్నాను."

ముందు రికార్డు సంగతి తేల్చేద్దాం. 11 గెలుపులు నిజమే. దేశంలో అదే ఎక్కువ అన్నది మాత్రం నిజం కాదు. కరుణానిధి 1957లో కుళిత్తలైలో మొదలుపెట్టి 2016లో తిరువారూర్ దాకా 13 సార్లు గెలిచారు. పోటీ చేసిన ఏ ఎన్నికలోనూ ఓడలేదు. ఆయన సీట్లు మారుతూ వచ్చారు కాబట్టి ఆ లెక్క వేరు అనుకుందాం. ఒకే సీటు అంటే కేరళలో పాలా నుంచి కె.ఎం.మాణి ఉన్నారు. 1965 నుంచి 2016 దాకా 13 ఎన్నికలు. 1965లో ఎన్నికైన ఆ సభ ఒక్కరోజు కూడా సమావేశం కాకుండానే రద్దయింది, దాన్ని తీసేసినా 12. పుదుప్పళ్లి నుంచి ఊమెన్ చాండీ 1970 మొదలు 12 సార్లు. కాబట్టి మీ వ్యాసంలో "మహారాష్ట్ర రికార్డు" అని రాయండి, "దేశ రికార్డు" వద్దు.

సంవత్సరాల దగ్గర కూడా జాగ్రత్త. 54 ఏళ్లు, 55 ఏళ్లు అని పేపర్లు వేస్తుంటాయి. 1962 నుంచి 1972 దాకా పదేళ్లు, 1974 నుంచి 1995 దాకా 21, 1999 నుంచి 2019 దాకా 20. మొత్తం 51 చిల్లర. అదేం తక్కువ కాదు, పెంచి చెప్పాల్సిన అవసరమూ లేదు.

నా గురించి రెండు మాటలు చెప్పి అసలు విషయంలోకి వస్తాను. మాది సోలాపూర్. పద్మశాలీల ఇల్లు. ఇక్కడి చద్దర్లు, టవళ్లు నేసేవాళ్లలో మనవాళ్లే ఎక్కువని మీకు తెలిసే ఉంటుంది. నేను నూలు కమిషన్ వ్యాపారం చేసి ఇప్పుడు మానేశాను. జిల్లాలోని నూలు మిల్లుల పని మీద తిరిగే రోజుల్లో సాంగోలా వెళ్లొస్తుండేవాణ్ణి. పార్టీ మనిషిని కాను. దేశ్‌ముఖ్ గారి పార్టీ శేకాపకి ఓటేసే అవకాశం కూడా రాలేదు, మా ఓట్లు సోలాపూర్ పట్నంలో. వ్యాపారం వల్ల ఒక అలవాటు పడింది: ఏ తాలూకాలో డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఏ నెలలో వస్తుంది అని చూడటం. సాంగోలా రాజకీయం నాకు ఆ దారిలోనే అర్థమైంది.

పండరీపురం మీకు తెలుసు కదా, దానికి నైరుతి వైపు సాంగోలా. సోలాపూర్ జిల్లాలోనే ఉన్నా మనుషులూ మాటా మాణదేశానివి. మాణ నది పారే మెట్ట ప్రాంతాన్ని అలా అంటారు. 'పారే' అన్నది మర్యాదకి, ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుకే. సహ్యాద్రి దాటేసరికి మేఘాల్లో నీళ్లు అయిపోతాయి, ఈ తాలూకాలు వర్షచ్ఛాయలో పడిపోతాయి. మాణ వెళ్లి భీమలో కలుస్తుంది. భీమ వచ్చి మన నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే సాంగోలా వాగులో నాలుగు చినుకులు పారితే అవి ఎప్పుడో ఒకప్పుడు శ్రీశైలం లెక్కలోకి వచ్చేవే. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఆదివారం సాంగోలా పశువుల సంత చూస్తే తాలూకా మొత్తం అర్థమవుతుంది. ఖిల్లారి ఎద్దులు, తెల్లటి ఒళ్లు, వెనక్కి వంగి పైకి లేచిన పొడవాటి కొమ్ములు. ఇంకోపక్క గొర్రెలు, మేకలు. వర్షం బాగా పడిన ఏడు కొనేవాళ్లు ఎక్కువ, పడని ఏడు అమ్మేవాళ్లు ఎక్కువ. వ్యవసాయ శాఖ లెక్కల కన్నా ఈ సంతలో ఎడ్ల జత ధరే కరువు ఎంతుందో ముందుగా చెప్పేస్తుంది. గొర్రెల కాపరులైన ధనగర్లు ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉంటారు. మన కురుమల లాంటి కులం. దేశ్‌ముఖ్ గారు ధనగరే. ఇంటిపేరు చూసి మరాఠా భూస్వామి అనుకునేవాళ్లున్నారు, కాదు. ఈ కులం లెక్క ఆయన గెలుపుల్లో ఉంది. అది లేదని చెప్పేవాళ్లు అభిమానం కొద్దీ చెబుతున్నారు. కానీ ఆ ఒక్కటే అయితే 11 గెలుపులు వచ్చేవి కావు. మరాఠాలు, దళితులు, మిగతా బీసీలు కలిసి రాకుండా ఆ సీటు ఎవరూ కొట్టలేరు.

ఆయన పుట్టింది ఇదే జిల్లాలోని మోహోళ్ తాలూకా పేనూరులో. వకీలు చదివి సాంగోలాలో ప్రాక్టీసు పెట్టారు. పార్టీ శేత్కరీ కామ్‌గార్ పక్ష్, అంటే రైతు కూలీల పార్టీ. పొట్టిగా శేకాప. జెండా ఎర్రదే అయినా కమ్యూనిస్టు పార్టీ కాదు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో కేశవరావు జేధే, శంకరరావు మోరే వంటివాళ్లు కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి పెట్టుకున్నది. మార్క్సిజం మాట్లాడుతుంది, మాస్కో మాట కాని చైనా మాట కాని విననక్కర్లేదంటుంది. ఇది రాయగఢ్ తీరంలోనూ, కొన్ని కరువు తాలూకాల్లోనూ వేళ్లూనుకుంది.

1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడ్డాక జరిగిన మొదటి ఎన్నిక 1962ది. 264 సీట్లలో కాంగ్రెస్‌కి 215 వచ్చాయి. శేకాపకి 15. ఆ పదిహేనులో ఒకరు 35 ఏళ్ల గణపతరావు. 1967లో మళ్లీ గెలిచారు. 1972లో ఇందిర గాలికి ఓడిపోయారు. 1974 ఉప ఎన్నికలో వెనక్కొచ్చారు. అక్కణ్ణుంచి 1978, 1980, 1985, 1990. 1995లో రెండో ఓటమి. తర్వాత 1999, 2004, 2009, 2014. 2014లో గెలిచేనాటికి ఆయన వయసు తొంభైకి దగ్గర పడింది, 288 మంది సభలో ఆ పార్టీవాళ్లు ముగ్గురే మిగిలారు.

ఆ 1995 ఓటమి దగ్గర కాస్త ఆగాలి. గెలిచినాయన కాంగ్రెస్ నుంచి నిలబడిన శహాజీబాపు పాటిల్. తేడా 192 ఓట్లు. ఏడుసార్లు గెలిచిన మనిషి 192 ఓట్లతో ఓడిపోయాడంటే, అది ఎప్పుడూ భద్రమైన సీటు కాదన్నమాట. బయటివాళ్లు రాసే వ్యాసాల్లో ఇదే కనిపించదు. "ఒకసారి నామినేషన్ వేస్తే చాలు, జనం గెలిపించేసేవారు" అని రాస్తారు. అబద్ధం. సాంగోలాలో ప్రతి ఎన్నికా పోటీయే. ఎదురుగా ఎప్పుడూ ఒక గట్టి కాంగ్రెస్ మనిషో, తర్వాత శివసేన మనిషో ఉన్నారు. ఆ శహాజీబాపే ఎన్నిసార్లు ఆయన మీద నిలబడి ఓడారో! 2022లో ఏక్‌నాథ్ షిందే వెంట గౌహతి వెళ్లి, ఫోన్లో "కాయ్ ఝాడీ, కాయ్ డోంగర్" అని అక్కడి చెట్లనూ కొండలనూ మెచ్చుకుని దేశమంతా పేరు తెచ్చుకున్న ఎమ్మెల్యే ఈయనే.

ఇక ఎర్రబస్సు. మహారాష్ట్రలో ఎస్టీ (స్టేట్ ట్రాన్స్‌పోర్ట్) బస్సు అంటారు, ముద్దుగా లాల్ పరీ. ఆబాసాహెబ్ (తాలూకాలో అందరూ అలాగే పిలిచేవాళ్లు) ఎస్టీలో తిరిగేవారన్నది నిజమే, సాదాసీదాగా బతికారన్నదీ నిజమే. కానీ బస్సులో తిరిగినందుకే గెలిచారంటే, పోలింగ్‌లో డిపాజిట్ పోగొట్టుకున్న నిజాయితీపరులందరికీ అన్యాయం చేసినట్టు. సాదాగా బతికి ఓడిపోయినవాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. నిరాడంబరత చూసి జనం గౌరవిస్తారు. ఓటు వేసేటప్పుడు ఇంకేదో కూడా చూస్తారు.

అదేమిటో నూలు మిల్లు దగ్గర మొదలుపెట్టి చెబుతాను, నాకు తెలిసిన సరుకు అది కాబట్టి.

పశ్చిమ మహారాష్ట్రలో నాయకుడంటే సాధారణంగా చక్కెర ఫ్యాక్టరీ. కాలువ ఉన్నచోట చెరకు, చెరకు ఉన్నచోట సహకార కర్మాగారం, కర్మాగారానికి చైర్మన్, చైర్మన్‌కి ఎమ్మెల్యే టికెట్. జిల్లా సహకార బ్యాంకు కూడా ఆ చేతుల్లోనే. రైతుకి అప్పు, ఎరువు, చెరకు నరికే తేదీ, పిల్లవాడి కాలేజీ సీటు అన్నీ అక్కడే తేలతాయి. ఓటు వేరేవాళ్లకి వేస్తే చెరకు పొలంలోనే ఎండుతుందన్న భయం చాలాచోట్ల ఉండేది. సాంగోలాలో అంత నీళ్లు లేవు కాబట్టి ఆ లెవెల్లో చక్కెర రాజకీయం కుదరలేదు. దేశ్‌ముఖ్ పట్టుకున్నది సహకార నూలు మిల్లు, శేత్కరీ సహకారీ సూత్ గిర్ణీ. పత్తి పెద్దగా పండని తాలూకాలో నూలు మిల్లేమిటని మా బజారులో నవ్వినవాళ్లున్నారు. మహారాష్ట్రలో సహకార నూలు మిల్లులు పుట్టగొడుగుల్లా లేచి, ప్రభుత్వ వాటా ధనం మింగి, సగానికి పైగా మూతపడ్డాయి. సాంగోలా మిల్లుకి మాత్రం బాగా నడిచే మిల్లని పేరొచ్చింది.

మిల్లు గేటు దగ్గర షిఫ్టు మారేటప్పుడు నిలబడితే సంగతి తెలిసేది. లోపలికి వెళ్లేవాళ్లూ బయటికి వచ్చేవాళ్లూ చుట్టుపక్కల పల్లెల పిల్లలు. తలకి, మీసాలకి దూది పొట్టు అంటుకుని ఉండేది. కరువు తాలూకాలో వానతో సంబంధం లేని నెలజీతం అంటే ఏమిటో పట్నంవాళ్లకి చెప్పినా అర్థం కాదు. ఆ ఒక్క జీతం ఉన్న ఇంట్లో ఎడ్లని అమ్ముకోనక్కర్లేదు. చెరకు కోతకి పిల్లల్ని ఎత్తుకుని వలస పోనక్కర్లేదు. ఇలాంటి ఇళ్లు వేలల్లో ఉండవు, వందల్లో ఉంటాయి. కానీ ఆ ఇళ్లవాళ్లకి ప్రతి ఊళ్లోనూ చుట్టాలుంటారు.

రెండోది దానిమ్మ. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 1972-73 కరువు మహారాష్ట్రని ఎలా ఊపేసిందో పాతవాళ్లకి గుర్తుంటుంది. 1973 వేసవిలో దాదాపు 50 లక్షల మంది సహాయ పనుల్లో రాళ్లు కొడుతూ మట్టి మోస్తూ బతికారు. ఆ కరువులోంచే ఉపాధి హామీ పథకం రాష్ట్రమంతా వచ్చింది. ఆలోచన శాసన మండలి అధ్యక్షుడు వి.ఎస్.పాగేది, అంతకుముందే సాంగ్లీ జిల్లా తాస్‌గావ్‌లో చిన్నగా చేసి చూశారు. 1977లో చట్టం చేశారు, 1979 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అడిగినవాడికి పని ఇవ్వాల్సిందేనని చట్టంలో రాసిన మొదటి రాష్ట్రం ఇదే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన జాతీయ ఉపాధి హామీకి తల్లివేరు ఇక్కడుంది. పట్నాల్లో ఉద్యోగుల దగ్గర వృత్తి పన్ను వసూలు చేసి పల్లెల్లో కూలి ఇచ్చారు. పట్నంవాడినైన నాకు ఆ పన్ను కట్టేటప్పుడు విసుగే వచ్చేది, అది వేరే సంగతి.

1990 ప్రాంతంలో ఈ పద్దుని పండ్ల తోటలకి కలిపారు. రైతు సొంత పొలంలో గుంత తవ్వినా, మొక్క నాటినా, నీళ్లు పోసినా ఉపాధి హామీ నుంచే డబ్బు. ఈ పథకం దేశ్‌ముఖ్ పుట్టించింది కాదు. తోటల ఘనత కూడా రైతులదే. కానీ ఇలాంటి పథకం కాగితం మీంచి పొలంలోకి రావాలంటే తహసీల్ ఆఫీసులో ఫైలు కదలాలి, గుంతల కొలతలు సరిగ్గా రాయాలి, కూలి డబ్బు ఆలస్యం కాకూడదు. పనులు పెట్టించడానికీ కూలి సకాలంలో ఇప్పించడానికీ ధర్నాలు చేసి చేసి రాటుదేలిన పార్టీ కార్యకర్తలు ఆ తాలూకాలో ఊరికి నలుగురున్నారు. అది పనికొచ్చింది.

దానిమ్మ ఆ నేలకి ఎందుకు కుదిరిందో అనంతపురం రైతులకి చెప్పక్కర్లేదు, వాళ్లూ ఇక్కడి భగవా రకమే వేస్తున్నారు. చెట్టుకి నెలా నెలన్నర నీళ్లు ఆపేస్తారు. ఆకు పసుపు పచ్చబడి రాలిపోతుంది, చెట్టు చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. అప్పుడు కొమ్మలు కత్తిరించి, ఎరువేసి, నీళ్లు వదిలితే ఒక్కసారిగా ఎర్రటి పూత. దాన్ని 'బహార్ పట్టడం' అంటారు. నీళ్లు ఎప్పుడు వదలాలో రైతు చేతిలో ఉంటుంది కాబట్టి మార్కెట్లో కాయ తక్కువున్న నెలకి పంట దించవచ్చు. చెరకులా ఏడాది పొడవునా తాగదు. ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి కుంట, డ్రిప్పు ఉంటే చాలు. 2020 డిసెంబర్ 28న ప్రధాని జెండా ఊపిన నూరో కిసాన్ రైలు బయల్దేరింది సాంగోలా నుంచే, పశ్చిమ బెంగాల్లోని షాలిమార్‌కి. ఒకప్పుడు సహాయ పనుల మీద బతికిన తాలూకాకి ఆ రైలు రావడం చిన్న విషయం కాదు. తర్వాత తెగుళ్లు వచ్చి చాలా తోటలు పీకేశారు, అదొక పెద్ద ఏడుపు.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, నీళ్లు. ఇక్కడే మనకీ వాళ్లకీ లింకు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 811 టీఎంసీలని మనకి బట్టీ. మహారాష్ట్రకి ఇచ్చింది 560. ఆ అవార్డుని 2000 మే 31 తర్వాత తిరిగి చూడవచ్చని ఉంది. ఆలోపు వాడకం చూపించకపోతే వాటా పోతుందని ఇక్కడ 1990లలో హడావిడి మొదలైంది. ఆల్మట్టి గురించి మనం గొడవ పడుతున్న అదే రోజుల్లో, పైన వీళ్లు ఎత్తిపోతల లెక్కలు వేస్తున్నారు. ఉన్న నీళ్లన్నీ కాలువ కింది చెరకుకే పోతుంటే కరువు తాలూకాల వాటా ఎక్కడని అడిగినవాళ్లు పక్కనే ఉన్న సాంగ్లీ జిల్లా ఆటపాడిలో నీటి పరిషత్తులు, అంటే నీళ్ల కోసం సభలు పెట్టారు. స్వాతంత్ర్య సమరయోధుడు నాగనాథ్ అణ్ణా నాయకవడీ, భరత్ పాటణకర్, గణపతరావు దేశ్‌ముఖ్ ముందు నిలిచారు. సాంగ్లీ, సోలాపూర్, సాతారా జిల్లాల కరువు తాలూకాలన్నీ కలిశాయి. భూమి లేని కుటుంబానికి కూడా నీటిలో వాటా ఉండాలన్నది వాళ్ల డిమాండు. మన దగ్గర ఏ ప్రాజెక్టు ఉద్యమమూ ఆ మాట అంత గట్టిగా అడిగినట్టు నేను వినలేదు.

వరుస చూడండి. 1995లో దేశ్‌ముఖ్ ఓడిపోయారు. అదే ఎన్నికలో 45 మంది స్వతంత్రులు గెలిచి, శివసేన-బీజేపీ సర్కారుకి వాళ్ల అవసరం పడింది. నీళ్లడిగే ఎమ్మెల్యేల మాటకి బలం వచ్చింది. 1996లో కృష్ణా లోయ అభివృద్ధి కార్పొరేషన్ పెట్టారు, బాండ్లు అమ్మి డబ్బు తెచ్చారు. కరాడ్ దగ్గర కృష్ణ నుంచి మెట్లు మెట్లుగా నీళ్లెత్తి ఆటపాడి, సాంగోలా వైపు తెచ్చే టెంభూ పథకానికి అప్పుడే అనుమతి వచ్చింది. అంటే సాంగోలాకి కావాల్సిన పెద్ద పథకం ఆయన సభలో లేనప్పుడు కదిలింది. దీన్ని ఆయన వైఫల్యమనేవాళ్లున్నారు. నేనలా అనను. సభలో లేని నాలుగేళ్లూ ఆయన ఆటపాడి సభల్లో ఉన్నారు, 1999లో జనం తిరిగి పంపడానికి నాకు కనిపించే కారణం అదే. మామూలుగా 68 ఏళ్ల వయసులో ఓడిపోయిన ఎమ్మెల్యే ఇంట్లో కూర్చుంటాడు, లేదా పార్టీ మారతాడు.

పార్టీ మారకపోవడం గురించి అందరూ పొగుడుతారు. నాకైతే అందులో లెక్క కూడా కనిపిస్తుంది. చిన్న పార్టీలో పెద్ద నాయకుడికి టికెట్ టెన్షన్ లేదు. ముంబైలో ఎవరి ఇంటి ముందూ నిలబడక్కర్లేదు. ఏ ముఖ్యమంత్రి మారినా ఈయన స్థానం మారదు. 1978లో శరద్ పవార్ తొలి మంత్రివర్గంలో, 1999లో విలాస్‌రావు దేశ్‌ముఖ్ మంత్రివర్గంలో ఉన్నారు. రెండూ కలిపితే అర్ధ శతాబ్దంలో కొద్ది కాలమే. మిగతా అంతా ప్రతిపక్షం బెంచీలు. సభలో బలం కూడగట్టాల్సి వచ్చినప్పుడల్లా కాంగ్రెస్‌వాళ్లకి ఈ ముగ్గురు నలుగురు ఎర్రజెండావాళ్లు గుర్తొచ్చేవాళ్లు. కొన్ని ఎన్నికల్లో పెద్ద పార్టీల స్థానిక నాయకులు ఆయనకి తోడు నిలిచిందీ అందుకే.

ప్రతిపక్షంలో ఉండి పని ఎలా చేయిస్తారని మీలాంటి కుర్రవాళ్లు అడుగుతుంటారు. ఎమ్మెల్యే అంటే మంత్రి చాంబర్లో లెటర్ ప్యాడ్ అనుకుంటారు. అది సగమే. నక్షత్ర గుర్తు ప్రశ్న ఒకటి వేస్తే, సభలో దాని వంతు రాకపోయినా శాఖ రాతపూర్వక జవాబు ఇవ్వాల్సిందే. "ఫలానా కాలువ ఎన్ని కిలోమీటర్లు పూర్తయింది, ఎంత ఖర్చయింది, మిగతాది ఎప్పటికి?" అన్న మూడు ముక్కల ప్రశ్నకి ఇంజనీరు నుంచి కార్యదర్శి దాకా సంతకాలు పెట్టి అంకెలివ్వాలి. ఆ అంకె ఒకసారి అచ్చులోకి వచ్చాక మరుసటి బడ్జెట్లో దాన్ని చూపించి నిలదీయవచ్చు. మంత్రి "పరిశీలిస్తాం" అంటే ఏమీ లేదు. "మార్చిలోగా పూర్తి చేస్తాం" అంటే అది హామీ, ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని రాసుకుంటుంది, నెరవేరేదాకా శాఖని పిలుస్తూనే ఉంటుంది. సావధాన తీర్మానం, అర్ధగంట చర్చ, కోత తీర్మానం అన్నిటికీ ఇలాంటి వాడకమే. కొత్త ఎమ్మెల్యేకి ఇవి నేర్చుకునేసరికి అయిదేళ్లూ అయిపోతాయి. అయిదారుసార్లు గెలిచిన మనిషికి ఏ అధికారి ఏ జవాబులో ఏం దాస్తాడో తెలిసిపోతుంది, పదేళ్ల కిందటి మంత్రి ఇచ్చిన మాట కూడా గుర్తుంటుంది. దీర్ఘకాలం ఉండటం వల్ల జనానికి నిజంగా దక్కే లాభం ఇదే. నాగపూర్ శీతాకాల సమావేశాల్లో గొడవలు, వాకౌట్లే టీవీల్లో కనిపిస్తాయి, ఈ రాత పని కనిపించదు.

ఇక తప్పులు. నీళ్లు చాలా ఆలస్యంగా వచ్చాయి, అన్ని ఊళ్లకీ రాలేదు. ఎత్తిపోతల కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న పేచీ వచ్చి మోటార్లు ఆగిన రోజులున్నాయి. హంద్రీ-నీవా చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. తాలూకా ఆయన మీద ఎంత ఆధారపడిందో పార్టీ కూడా అంతే ఆధారపడి, ఆయన కింద రెండో వరస పెరగలేదు. 2019లో ఇక పోటీ చేయనన్నాక అది బయటపడింది. చివరికి టికెట్ మనవడు అనికేత్‌కి వెళ్లింది. శివసేన నుంచి అదే శహాజీబాపు 768 ఓట్లతో గెలిచారు. జీవితమంతా ఘరానా కుటుంబాల రాజకీయాన్ని ఎదిరించిన పార్టీకి ఇంటి మనిషే గతయ్యాడు. 2021 జూలై 30న సోలాపూర్‌లో ఆయన కన్నుమూశారు, 94 ఏళ్లు. 2024లో ఇంకో మనవడు డాక్టర్ బాబాసాహెబ్ దేశ్‌ముఖ్ శహాజీబాపుని 25 వేలకు పైగా ఓట్లతో ఓడించి సీటు వెనక్కి తెచ్చారు. రాష్ట్రం మొత్తంలో శేకాప గెలిచింది ఆ ఒక్కటే. దాన్ని తాతగారి పేరు గెలుపనాలా, శహాజీబాపు మీద విసుగు అనాలా అని సాంగోలాలో ఇద్దరిని అడిగితే మూడు జవాబులు వస్తాయి.

మన దగ్గర ఎవరున్నారని అడిగారు. అంకెలే చూస్తే ఒకే సీటు నుంచి కుప్పంలో చంద్రబాబు నాయుడు 1989 నుంచి 2024 దాకా వరసగా 8 సార్లు. కానీ ముఖ్యమంత్రి సీటు లెక్క వేరు, పోల్చకూడదు. జానారెడ్డి చలకుర్తి, నాగార్జునసాగర్ కలిపి 7 సార్లు, అది కాంగ్రెస్, టీడీపీల మధ్య తిరిగిన పెద్ద పార్టీల కథ. దేశ్‌ముఖ్‌కి దగ్గరగా వచ్చేది ఇల్లెందు గుమ్మడి నర్సయ్య గారు. విప్లవ కమ్యూనిస్టు పార్టీ మనిషి, కోయ గిరిజనుడు. 1983, 1985, 1989, 1999, 2004 అయిదు గెలుపులు. మధ్యలో 1994లో ఒక ఓటమి. ఆయన్నీ సైకిలు, బస్సు అంటూ అదే మూసలో రాస్తారు. పోడు భూముల కేసులు, తునికాకు కట్ట రేటు గురించి రాసేవాళ్లు తక్కువ. సాంగోలాకి నూలు మిల్లులాంటిది ఇల్లెందుకి లేదు, సింగరేణి బొగ్గు బావులున్నా అవి ప్రభుత్వ కంపెనీవి. 2009లో ఓడిపోయాక వెనక్కి రాలేకపోవడానికి నా ఉద్దేశంలో అదొక కారణం, అదే పూర్తి కారణమని అనను. పాతతరంలో వావిలాల గోపాలకృష్ణయ్య గారు సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచారు. అప్పటి రాజకీయం వేరు.

మీరు వ్యాసం రాస్తానన్నారు కాబట్టి ఒక పని చేయండి. గెలిచిన 11 ఎన్నికలని పక్కన పెట్టి, 1972-74, 1995-99 ఈ రెండు ఖాళీలని పట్టుకోండి. మొదటి ఖాళీలో కరువు, ఉపాధి హామీ. రెండో దాంట్లో ఆటపాడి, టెంభూ. ఆ ఏళ్ల మరాఠీ పత్రికలు సోలాపూర్‌లోనూ పుణెలోనూ గ్రంథాలయాల్లో దొరుకుతాయి. మరాఠీ రాకపోయినా ఫర్వాలేదు, దేవనాగరి చదవగలిగితే సగం పదాలు మనవే. సాంగోలా వెళ్లేటట్టయితే ఆదివారం వెళ్లండి, సంత ఉంటుంది. ఎండ ఎక్కకముందే చేరుకోండి, బేరాలు పొద్దున్నే అయిపోతాయి.